మీ అత్తగారికి హోమ్ చూసే ముందు

చిన్నీకి,

ఆశీస్సులు. మీ అత్తగారి కోసం నువ్వు పంపిన రెండు ఓల్డేజ్ హోమ్‌ల ఫొటోలు చూశాను. లాన్, గుడి, హాల్లో పెద్ద టీవీ అన్నీ బాగున్నాయి. కానీ వదినగారికి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఎవరో ఒకరు తీసుకెళ్తే తప్ప ఆవిడ లాన్‌లోకి వెళ్లలేరు. ఆ తీసుకెళ్లే మనుషులు ఎంతమంది, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు? నేను ముందు అడిగేది అదే.

హోమ్‌లో పెడుతున్నామని నువ్వూ అల్లుడుగారూ బాధపడకండి. ఇద్దరు పట్టి లేపాల్సిన మనిషిని ఇంట్లో ఒక్క ఆయా చేతిలో పెడితే ఇద్దరికీ ప్రమాదమే. మంచి హోమ్ దొరికితే అదే నయం. అది మంచిదో కాదో తెలుసుకోవడంలోనే ఉంది కష్టమంతా.

వార్డులో పనిచేసినన్నాళ్లూ, కదలలేని పేషెంటు దగ్గరికెళ్తే నేను ముందు మడమలు చూసేదాన్ని. తర్వాత నడుం కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర. బెడ్‌సోర్, అంటే ఒకేచోట ఒత్తుకుని పడే పుండు, మొదలయ్యేది అక్కడే. మంచంలో ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మాకు నేర్పారు. పరుపు బాగుంటే, చర్మం బాగుంటే ఆ వ్యవధి కొంచెం మారొచ్చు. అంతేగానీ ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేస్తే కుదరదు. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. వదినగారిది చామనఛాయ కాబట్టి ఎరుపు సరిగా కనపడదు. వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తాకి చూడాలి. పక్క మార్చిన టైము రాసే చార్టు చూపించమంటాను. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా అన్నీ ఒకే ఊపులో రాసినట్టుంటే ఆ కాగితాన్ని నేను నమ్మను.

భోజనాల టైములో వెళ్లి కూర్చోవాలని కూడా ఉంది. మెనూ కార్డు కోసం కాదు, తినిపించే తీరు చూడడానికి. పక్షవాతం వచ్చినవాళ్లకి పలచటి నీళ్లే ఎక్కువగా పొలమారతాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి, మింగేదాకా ఆగాలి. ఎడమ బుగ్గలో మెతుకులు ఉండిపోయాయేమో చూసి నోరు శుభ్రం చేయాలి. తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు. ఇవన్నీ చేస్తే ఒక్క మనిషికే అరగంట పడుతుంది. ఒక ఆయా ఎనిమిది మందికి తినిపిస్తుంటే ఆమె ఎంత మంచిదైనా ఏం చేయగలదు చెప్పు? నెలనెలా బరువు చూసి రాస్తున్నారా అని కూడా అడగాలి. అరవై కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ఇంకొకటి. పక్షవాతంలో కుడివైపు మెదడు దెబ్బతింటే కొందరికి ఎడమవైపున్నవి కళ్లెదుటే ఉన్నా ధ్యాసలోకి రావు. వదినగారు కంచంలో ఎడమ సగం వదిలేస్తున్నారని నువ్వు చెప్పావు కదా, అదే ఇది. ఆవిడ కావాలని వదిలేయడం లేదు. నీళ్ల గ్లాసు, బెల్లు కుడిచేతి పక్కనే పెట్టాలి. లేపేటప్పుడు ఆ ఎడమ చెయ్యి పట్టి లాగితే భుజం జారిపోవచ్చు. ఇవి అక్కడివాళ్లకి తెలుసో లేదో, లేపుతుంటే చూస్తే తెలిసిపోతుంది.

చాలా గట్టిగా అడగాల్సింది మంచానికి కట్టేయడం గురించి, మత్తు మాత్రల గురించి. మీ అమెరికాలో 1987లో వచ్చిన చట్టం సిబ్బంది సౌకర్యం కోసం ఈ రెండూ చేయకూడదంది. ఇక్కడ మనమే కనిపెట్టుకుని ఉండాలి. సాయంత్రం ఏడింటికే అందరూ మత్తుగా పడుకుని ఉంటే ఆ హోమ్ ప్రశాంతంగా ఉందని నేను అనుకోను. ఏ కొత్త మాత్ర మొదలుపెట్టినా ముందు అల్లుడుగారికి ఫోన్ చేయాలని రాయించుకో.

ఆయాల జీతాల గురించీ, వాళ్లు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారనీ అడుగుతాను. మేనేజరుకి నచ్చకపోవచ్చు. నెలకో కొత్త మనిషి వచ్చేచోట ఆవిడకి ఏ పక్కకి పడుకుంటే నొప్పో ఎవరికి గుర్తుంటుంది? రోజంతా ఆవిడ ఒంటిని ముట్టుకునేది వాళ్లే. చాలీచాలని జీతమిచ్చి వాళ్ల దగ్గర ఓర్పు ఆశించడం అన్యాయం.

మీ ఆడపడుచు ఆదివారాలు వస్తానంది. ఆదివారమే కాకుండా, చెప్పకుండా ఓ మంగళవారం రాత్రి కూడా వెళ్లమను. నేనూ మధ్యమధ్యలో వెళ్తుంటాను. ఎప్పుడు పడితే అప్పుడు రావడానికి వీల్లేదనే హోమ్ అయితే వద్దు. ఏదైనా తేడా కనిపించి వాళ్లు వినకపోతే 14567కి ఫోన్ చేయొచ్చు, అది పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. ఆ నంబరు వదినగారి ఫోన్‌లోనూ వేయించు.

అన్నిటికన్నా ముందు వదినగారితో మాట్లాడండి. ఆవిడకి మాట ఉంది, తెలివి ఉంది. ఏ హోమ్ అన్నది ఆవిడ లేకుండా తేల్చేయడం నాకిష్టం లేదు. వీల్‌చైర్‌లో తీసుకెళ్లి రెండూ చూపిద్దాం. అప్పటిదాకా అడ్వాన్సు పంపొద్దు. డిశ్చార్జి సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఫొటో తీసి నాకు పంపించు.

మీ అమ్మ