రాతప్రతి మీద పెన్సిలు గీతలు

పర్లాకిమిడి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం నిన్న అందింది. నీ స్నేహితురాలికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నదనీ, యంత్రం పక్కన గడిచే ఆ నాలుగేసి గంటల్లో తన కవితలన్నీ ఒక సంపుటిగా కూర్చుకుని రాతప్రతిని నీ చేతిలో పెట్టిందనీ, చదివి చూస్తే సగానికి సగం బలహీనంగా కనబడ్డాయనీ రాశావు. ఈ స్థితిలో ఆ మాట ఆమెతో ఎలా చెప్పగలను, బాగున్నాయని చెప్పి ఊరుకుంటే తప్పవుతుందా అని అడిగావు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లలో మన బంధువుల ఇళ్లను చిన్నప్పటి నుంచీ చూసినదానివి కాబట్టి డయాలసిస్ అంటే ఏమిటో నేను నీకు చెప్పనక్కరలేదు. నేను చెప్పవలసినది వేరే ఉంది. దాన్ని నేను ఒకసారి రోగిగా పడుకుని, మరొకసారి రోగి పక్కన కూర్చుని తెలుసుకున్నాను, రెండోసారి తప్పు చేసి మరీ తెలుసుకున్నాను.

నువ్వు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉండగా నాకు క్షయ వచ్చింది. మొదటి కొన్ని వారాలు నిన్ను టెక్కలిలో అమ్మమ్మ దగ్గర ఉంచడం నీకు గుర్తుండే ఉంటుంది. రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆ తరువాత నాలుగు నెలలు మూడు రకాల మందులు, ఒక్కరోజు కూడా తప్పకుండా మింగాలి. వాటిలో ఒకటి మూత్రాన్ని నారింజరంగులోకి మారుస్తుందని నాకు తెలియకపోవడం వల్ల మొదటిరోజున అది రక్తమనుకుని హడలిపోయాను. చూడవచ్చిన వాళ్లందరూ ఒకే మాట అనేవారు: "ఇప్పుడు రాతకోతలేమిటమ్మా, విశ్రాంతి తీసుకో." ప్రేమతోనే అనేవారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాలో రాసే మనిషిని ఎవరో చెయ్యి పట్టుకుని మెల్లగా వీధిలోకి నడిపించి తలుపు వేస్తున్నట్టు ఉండేది.

పాతపట్నం పిన్ని ఆ మాట అనలేదు. ప్రతి గురువారం బడి వదిలాక సరిహద్దు దాటి ఆటోలో వచ్చి మన వీధి అరుగు మీద కూర్చునేది. నేను కిటికీకి ఇవతల, మూతికి గుడ్డ కట్టుకుని మంచం మీద ఉండేదాన్ని. అప్పటికి నా కథ ఒకటి సగంలో ఆగి ఉంది. సంతకు కొండచీపుర్లూ పసుపూ తెచ్చే ఒక సవర తెగ స్త్రీకీ, ఆమెతో ఏళ్ల తరబడి బేరమాడే ఒక ఇల్లాలికీ మధ్య నడిచే కథ. నాలుగు వాక్యాలు చదివితే నాకు కళ్లు తిరిగేవి కాబట్టి, పిన్ని ఆ కాగితాలు తీసుకుని నాకు వినబడేటట్టు పైకి చదివేది. మన వాక్యాన్ని ఇంకొకరి గొంతులో వినడం ఎంత మేలు చేస్తుందో నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ ఊపిరి ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం వంకరగా ఉన్నట్టు, ఆవిడ గొంతు ఎక్కడ యాంత్రికంగా సాగిపోతే అక్కడ నేను పని లేకుండా రాసినట్టు. మూడో గురువారం చదువుతూ చదువుతూ ఆగి, అంచున పెన్సిలుతో ఏదో రాసి, కిటికీ ఊచల మధ్య నుంచి కాగితం అందించింది. "అక్కయ్యా, ఈ సవరామె మన సంతలో ఎన్నడూ మాట్లాడలేదు. తెలుగు వాచకంలో మాట్లాడింది" అని ఉంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఒళ్లు కాలిపోతున్న మనిషితో ఇలాగా మాట్లాడేది అనుకుని నాలుగు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. తరువాత సంతరోజున కిటికీ దగ్గరికి మంచం జరిపించుకుని, వీధిలో వెళ్లేవాళ్ల మాటలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా విన్నాను. తెలుగులో మొదలైన బేరం ఒడియాలోకి జారి, కోపం వచ్చేసరికి సవరలోకి వెళ్లి, నవ్వుతో మళ్లీ తెలుగులోకి రావడం ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న నేను అంతగా పట్టించుకుని విన్నది ఆ రోజే. సంభాషణలన్నీ కొట్టేసి కొత్తగా రాశాను. ఆ పది పన్నెండు రోజులూ జ్వరం వచ్చింది, పోయింది, మందులు మింగాను, కానీ రోగిని అనే స్పృహ నాకు చాలాసేపు ఉండేది కాదు. పిన్ని తెచ్చిన నారింజపళ్ల కన్నా ఆ పెన్సిలు గీత నాకు ఎక్కువ బలమిచ్చిందంటే అతిశయోక్తి అనుకోకు.

ఈ ఊళ్లో ఉంటూ ఈ విషయం ఆలోచిస్తే గిడుగు రామమూర్తి గారు గుర్తుకు రాకుండా ఉండరు. 1880లో ఇక్కడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, సవరలను ఇంట్లో ఉంచుకుని వారి భాష నేర్చుకుని, వారి కోసం కొండల్లో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుంటే, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. మనుషులు నోటితో మాట్లాడే భాషే పుస్తకంలో ఉండాలని జీవితాంతం వాదించిన వ్యక్తికి చెవులు పోవడం ఎటువంటి దెబ్బో ఊహించు. ఆ తరువాత ఆయన చేసిన పనిలో ఎందరో విని చెప్పినదీ, కాగితం మీద రాసి చూపించినదీ కలిసి ఉంటుందని నేను అనుకుంటాను. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావు గారు అదే వాదంలో ఆయనకు తోడు నిలిచారు. గురజాడ వారికీ ఆరోగ్యం అంతంతమాత్రమే, 53 ఏళ్లకే 1915లో పోయారు. అయినా 1897లో అచ్చయిన తన 'కన్యాశుల్కం' నాటకాన్ని అంతటితో వదలక, 1909 నాటికి దాదాపు కొత్త నాటకమనిపించేలా తిరగరాశారు. ఒంట్లో బాగుండని మనిషికి తన రాతను ఇంకా బాగు చేసుకోవాలనే కోరిక ఉండదని మనం ఎందుకు అనుకుంటామో నాకు అర్థం కాదు.

ఇంత తెలిసిన నేనే పిన్ని విషయంలో తప్పటడుగు వేశాను. రెండేళ్ల కిందట ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలి, విశాఖపట్నంలో కీమో మొదలైంది. రెండో విడత అయ్యాక పద్నాలుగు పేజీల కథ పంపింది. అడ్డాకుల విస్తళ్లు కుట్టి బతికే ఒక ముసలామె కథ అది. మొదటి ఆరు పేజీలు అద్భుతంగా ఉన్నాయి. అక్కడి నుంచి కథ సన్నగిల్లి, చివరికి ఆ ముసలామె ఆసుపత్రిలో చనిపోగా, బతికుండగా పట్టించుకోని వాళ్లందరూ వచ్చి ఆమె గొప్పతనం తలచుకుని ఏడవడంతో ముగిసింది. నాకు లోపాలన్నీ కనబడ్డాయి. జుట్టు ఊడిన తలకు రుమాలు కట్టుకున్న ఆవిడ ముఖమూ కనబడింది. "చాలా బాగుంది, ఒక్క అక్షరం మార్చనక్కరలేదు" అని రాసి పంపాను.

వారం రోజులు జవాబు లేదు. తరువాత ఫోను చేసింది. "అక్కయ్యా, నువ్వు నా కథను చదవలేదు, పరామర్శించి వెళ్లావు" అంది. ఆపైన చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని నాకు పెన్సిలు గీత పెట్టిన మనిషి, అదే గీత తనకు పెట్టమని నన్ను అడగవలసిన అవసరం రాకూడదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ తరువాత మేము పద్ధతి మార్చుకున్నాము. కీమో ఇరవై ఒక్క రోజులకు ఒకసారి. మొదటి వారం వాంతులూ నీరసమూ, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. రెండో వారంలో తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోతాయని ఎవరినీ దగ్గరికి రానివ్వరు. మూడో వారంలో మనిషి మళ్లీ తనలా ఉంటుంది. కథ గురించి కఠినమైన మాటలన్నీ ఆ మూడో వారానికే దాచేదాన్ని, మొదటి రెండు వారాల్లో ఊరి కబుర్లు తప్ప ఇంకేమీ మాట్లాడేదాన్ని కాదు. ఒక పూటకు ఒకే విషయం. వెళ్లగానే ఈరోజు దేన్ని చూడమంటావని ఆవిడనే అడిగేదాన్ని. "ఈరోజు ఏదీ చూడవద్దు, పక్కన కూర్చో" అన్న రోజులూ ఉన్నాయి, అప్పుడు పప్పు, మెత్తని అన్నం పెట్టి వచ్చేసేదాన్ని.

అన్నిటికంటే కష్టమైనది వాక్యాల సంగతి. వేళ్ల చివర తిమ్మిరెక్కి కలం జారిపోయేది కాబట్టి ఆవిడ వాక్యాలు పొట్టివైపోయాయి. వాటిలో కొన్ని ముందెన్నడూ ఆవిడ రాయనంత పదునుగా ఉన్నాయి, కొన్ని మధ్యలో చచ్చిపోయినట్టు ఉన్నాయి. ఏది ఏదో పైనుంచి చూసి నేను తేల్చలేను. అందుకని అనుమానం వచ్చిన ప్రతి వాక్యం దగ్గరా "దీన్ని నువ్వు ఆపావా, నీరసం ఆపిందా?" అని అడిగేదాన్ని. ఆవిడ నిజాయతీగా చెప్పేది. నీరసం ఆపిందన్న చోట మిగతా వాక్యం నోటితో చెబితే నేను రాసుకునేదాన్ని. ఒకసారి ఆవిడ చెప్పిన మాట కన్నా నా మాట బాగుంటుందనిపించి చెప్పకుండా వేసేశాను. మర్నాడు శుద్ధప్రతి వినిపిస్తుండగా సరిగ్గా అక్కడే ఆపి, "ఇది నాది కాదు" అంది. ఒంట్లో ఓపిక లేని మనిషి నుంచి ఆమె మాటను కూడా తీసేసుకోవడం ఎంత తప్పో ఆలోచించి, ఆ పని మళ్లీ చేయలేదు.

ముగింపు గురించి నాలుగో విడత తరువాతి మూడో వారంలో మాట్లాడాను. ఆ చావు కథకు కావలసి వచ్చిందా, నీ భయం తెచ్చిందా అని అడిగాను. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెనక్కి తీసుకుందామా అని నాకు అనిపించింది కానీ తీసుకోలేదు. తరువాతి విడత అయ్యాక ఆవిడ పంపిన కొత్త చివరి పేజీలో ముసలామె బతికే ఉంది. వంద ఆకుల కట్ట లెక్కపెడుతూ తొంభై మూడు దగ్గర ఎవరో పిలిస్తే ఆగి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది, అక్కడితో కథ ఆగుతుంది. పత్రికకు పంపేటప్పుడు తన జబ్బు సంగతి సంపాదకుడికి ఒక్క ముక్క కూడా రాయవద్దని నా చేత మాట తీసుకుంది. ఆ కథ రోగిష్టి రాసినదని ఎవరూ జాలిపడకుండానే అచ్చయింది.

ఇక నీ స్నేహితురాలి విషయం. డయాలసిస్ అయిన సాయంత్రం మనిషి పిండేసిన బట్టలా ఉంటుంది, ఆ పూట కవితల ప్రసక్తి తేకు. మర్నాడు వెళ్లు. ముందుగా నిజంగా బాగున్న కవితలు తీసి, ఏ పంక్తి ఎందుకు బాగుందో చెప్పు, ఎందుకంటే "బాగుంది" అన్న ఒట్టి మాట ఆమె ఇప్పటికే రోజూ అందరి దగ్గరా వింటూ ఉంటుంది. తరువాత ఒక్క బలహీనమైన కవిత గురించి మాట్లాడు, ఒక్కటి చాలు. పుస్తకం తొందరగా రావాలని ఆమెకు ఉంటే ఆ తొందరను తప్పుపట్టవద్దు, దానికి కారణం నీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అరవై కవితల సంపుటికి బదులు గట్టిగా నిలబడే ఇరవై కవితలతో చిన్న పుస్తకం వేద్దామని అడిగి చూడు. మిగిలిన నలభై పారేయమని మాత్రం ఎప్పుడూ అనకు, వాటి మీద పని చేయడానికి ముందు రోజులు ఉన్నాయన్నట్టే మాట్లాడు.

ఇంకొక మాట, నీ ఉత్తరంలో నాకు కనబడనిది. నీ కొత్త కథను ఆమెకు చూపించావా? ఆమె రాతప్రతి నీ దగ్గర ఉంది కానీ నీది ఆమె దగ్గర లేదు. పిన్ని మంచం పట్టిన ఆరు నెలలూ నా కథలు ఆవిడకు పంపడం మానేశాను, ఆవిడకు భారమవుతుందనుకున్నాను. కోలుకున్నాక ఆవిడ నన్ను నిలదీసినది ఆ ఒక్క విషయం మీదే. సూదులూ రక్తపరీక్షలూ తప్ప ఎవరూ తన నుంచి ఏమీ కోరని రోజుల్లో, తన బుద్ధి కావాలని ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదని అంది. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఎడమచేతికి వేశారని రాశావు కదా, కుడిచెయ్యి ఖాళీగానే ఉంటుంది. నాలుగు గంటల సమయం ఉంటుంది. నీ కథ అచ్చు తీయించి, ఒక పెన్సిలుతో సహా ఆమెకు ఇవ్వు.

నాన్నగారు కులాసా. పిన్నికి ఆరు నెలలకొకసారి చేసే పరీక్ష వచ్చే మంగళవారం విశాఖపట్నంలో ఉంది, నేను తోడు వెళుతున్నాను. రైల్లో చదవడానికి ఆవిడ కొత్త కథ ఒకటి నా సంచిలోనూ, నాది ఒకటి ఆవిడ సంచిలోనూ ఉంటాయి. రాగానే ఫోను చేస్తాను.

ప్రేమతో,
అమ్మ