'కారణం తెలియదు' అని రాసేటప్పుడు

సంపాదకుడి గారికి,

మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోకుల్లో సుమారు నాలుగింట ఒకదానికి కారణం తేలడం లేదు. అసలు టెన్షన్ అక్కడే: మళ్లీ రాకుండా దేన్ని ఆపాలి? కారణం దొరక్కపోవడం వేరు, వెతక్కపోవడం వేరు. చేతికిచ్చే కాగితంలో మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

ఛాతీ మీద నుంచి తీసే మామూలు ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) గుండె ఎడమ కర్ణికకు, అంటే ఎడమ పై గదికి, ఉండే చిన్న సంచి సరిగా కనబడదు. గుండె లయ తప్పేవాళ్లలో, మెదడుకు చేరి స్ట్రోకు తెచ్చే రక్తపు గడ్డలు ఎక్కువగా పుట్టేది అందులోనే. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలోనో, గుండె సీటీలోనో అది తెలుస్తుంది. మెడ నాళాల సంగతి ఇంకా విచిత్రం. 'పూడిక 50 శాతం లోపే' అని రిపోర్టు వస్తే చాలు, ఆ నాళాన్ని నిర్దోషిగా వదిలేస్తారు. లోపల రక్తం చిమ్మిన మెత్తటి పూడిక దారిని పెద్దగా మూయకపోయినా చిట్లి, మెదడులోకి ముక్కలు పంపగలదు. నాళం గోడను చూపే ఎమ్మారైలో ఆ రక్తం కనబడుతుంది. తీసిన మెదడు ఎమ్మారైనైనా పూర్తిగా చదవాలి కదా! స్ట్రోకు మచ్చలు మెదడుకు రెండు వైపులా చెదిరి ఉంటే గుండెనో, గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళమైన బృహద్ధమనినో అనుమానించాలి, ఒకే నాళం పరిధిలో ఉంటే ముందు ఆ నాళాన్ని చూడాలి.

రక్తం పలచన చేసే మందు ఇచ్చేస్తే పోలా అంటారు కొందరు. ఇలాంటి రోగులకే రివరోక్సబాన్ అనే అలాంటి మందు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2018లో, డాబిగాట్రాన్ అనే మరో మందువి 2019లో వచ్చాయి. రెండూ ఆస్పిరిన్ కంటే మెరుగని తేలలేదు. మొదటిదాన్నయితే ప్రయోజనం లేకపోగా రక్తస్రావాలు పెరిగాయని మధ్యలోనే ఆపేశారు.

అలాగని అందరికీ అన్ని స్కాన్లూ తీయమనడం లేదు. పీఎఫ్‌ఓ అనే చిన్న రంధ్రం గుండె పై గదుల మధ్య నలుగురిలో ఒకరికి ఉంటుంది, కనబడినంత మాత్రాన అదే కారణమనలేం. అప్పుడప్పుడూ వచ్చిపోయే లయ తప్పడం ఏ స్కాన్‌కీ చిక్కకపోవచ్చు, దానికి నెలల తరబడి మానిటర్ పెట్టాల్సి రావచ్చు.

'కారణం తెలియదు' అని రాసిన ప్రతి డిశ్చార్జి సమ్మరీలో ఏ పరీక్షలు చేశారో, ఏవి మిగిలాయో, ఎందుకు వదిలేశారో కూడా రాయడం తప్పనిసరి చేయాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను. తర్వాత చూసే డాక్టరు అక్కడి నుంచే వెతుకులాట కొనసాగించవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు