వారాస్ వెళ్లే ముందు

చిరంజీవి మైథిలికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. టికెట్టు కొన్నానని నువ్వు ఫోను చేసిన రోజు నేను ‘హువారజ్’ అంటే, నువ్వు నవ్వి ‘వారాస్’ అని దిద్దావు. ముప్ఫై ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేసి ఆండీస్ గురించి పిల్లలకు నేను చెప్పింది ఒక్క ముక్కే: ప్రపంచంలో అతి పొడవైన పర్వతశ్రేణి, రెండు మార్కులు. అట్లాసులోని ఆ గోధుమరంగు గీత మీద ఊళ్లుంటాయని నాకూ తట్టలేదు. అందుకే ఈ పది రోజులూ కూర్చుని చదివాను.

వారాస్ ఆండీస్ కొండల్లోని ఊరు, పెరూలోని అంకాష్ ప్రాంతానికి రాజధాని. ఎత్తు మూడు వేల మీటర్లకు పైనే. తూర్పున కార్డిల్యెరా బ్లాంకా, అంటే తెల్ల కొండలు. పడమట కార్డిల్యెరా నెగ్రా, నల్ల కొండలు. మధ్య లోయలో శాంతా నది, దాని ఒడ్డున ఊరు. పక్కపక్కనే ఉన్న రెండు వరుసల్లో ఒకదానికే మంచు ఎందుకో ముందు అర్థం కాలేదు. తేమగాలి అమెజాన్ వైపు నుంచి వస్తుంది. ఆరు వేల మీటర్లు దాటిన తెల్ల కొండలు దాన్ని ఆపి మంచుగా దాచుకుంటాయి. నల్ల కొండలు అంత ఎత్తు లేవు, వాటికి మిగిలేదీ తక్కువే. దక్కన్ పీఠభూమికి మేం చెప్పే వర్షచ్ఛాయ పాఠమే ఇది.

నాకు భయం వేసింది ఆ మంచు గురించే. ఊరికి పైన, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున పల్కకోచా అనే సరస్సు ఉంది. హిమానీనదం తోసుకొచ్చిన రాళ్లూ మట్టే దానికి గట్టు. 1941 డిసెంబరు 13 పొద్దున్నే ఆ గట్టు తెగింది. నీళ్లు కోహుప్ లోయలో దిగుతూ దారిలోని మరో సరస్సునూ తెంపుకొని, కిల్కాయ్ నది వెంట ఊరి మీద పడ్డాయి. మూడో వంతు ఊరు పోయింది, వేలమంది చనిపోయారు. తర్వాత జనం మళ్లీ ఆ వరద దారిలోనే ఇళ్లు కట్టుకున్నారు. తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నదికి దగ్గరి చదును నేల, ఊరికి ఆనుకుని ఉంది. ఇంకెక్కడికి పోతారు?

1970 మే 31, ఆదివారం మధ్యాహ్నం భూకంపం. ముక్కాలు నిమిషం. ఇరుకు సందుల్లో మట్టి ఇటుకల ఇళ్లు. బయటికి పరుగెత్తినవాళ్ల మీదే గోడలు కూలాయి. ఉత్తరాన యుంగాయ్ పట్టణాన్ని వాస్కరాన్ శిఖరం నుంచి విరిగిపడిన మంచూ రాళ్లూ పూడ్చేశాయి. శ్మశానం ఉన్న గుట్ట ఎక్కినవాళ్లు కొందరు బతికారు. ప్రాంతమంతటా చనిపోయినవారు దాదాపు 70 వేలు. ఇప్పుడు వారాస్‌లో నువ్వు చూడబోయే వెడల్పాటి వీధులు, సిమెంటు ఇళ్లు ఆ తర్వాత కట్టినవే.

చరిత్రంటే వరదలూ భూకంపాలే అనుకోకు. 1885లో తలపన్ను కట్టలేమని అర్జీ పెట్టిన క్వెచువా అనే స్థానిక జాతి గ్రామపెద్దలను పట్టుకుని జడలు కత్తిరించారట. వాళ్లకు అంతకన్నా అవమానం లేదు. పెద్దలలో ఒకరైన అతుస్పారియా నాయకత్వంలో రైతులు తిరగబడి వారాస్‌నే పట్టుకున్నారు. ఈ ఒక్క కథ తెలిసి ఉంటే నా క్లాసులో ఎవరూ నిద్రపోయేవారు కాదు.

పల్కకోచా మళ్లీ పెరిగింది. 1941 నాటి వరద తర్వాత మిగిలిన దానికి ఎన్నో రెట్లు నీరుంది ఇప్పుడు. 2011 నుంచి పైపులు వేసి కొంత కిందికి వదులుతున్నారు. అక్కడే గుడిసెలో ఉండి రాత్రింబవళ్లు కాపలా కాసేవాళ్లున్నారని చదివి, మన ఊరి చెరువు నీరుగంటి గుర్తొచ్చాడు. సౌల్ లూసియానో అనే రైతు, జర్మనీ విద్యుత్ సంస్థ ఒకటి వదిలిన పొగ వల్లే మంచు కరుగుతోందని 2015లో అక్కడి కోర్టుకెక్కాడు. ఆయన ఇంటికి ప్రమాదం అంత దగ్గర్లో లేదని 2025 మేలో కేసు కొట్టేశారు. కానీ అలాంటి సంస్థలు సూత్రరీత్యా బాధ్యులు కావచ్చని అదే తీర్పులో ఉంది. ఓడిన కేసులో సగం గెలుపు!

నువ్వు చూడబోయేది ఆ సరస్సులనే కదా. వెళ్లగానే కొండెక్కకు, రెండు మూడు రోజులు ఊళ్లోనే తిరిగి ఒంటిని అలవాటు పడనీ. గది కిల్కాయ్‌కి ఎంత దూరమో, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో మొదటి రోజే ఇంటివాళ్లను అడుగు. భూకంపానికి మిగిలిన ఒకే ఒక్క పాత వీధి పేరు హోసే ఓలాయా. తీరిక చేసుకుని అక్కడికి వెళ్లి గోడల మందం ఎంతో జానతో కొలిచి రాయి, నా జాన నీకు తెలుసుగా.

మీ అమ్మ