మా దగ్గర కొన్న ఆ 7 బొహీమియా వాజులు పాతవి కావు

ఉగాది తర్వాత కర్నూలు పాతబస్తీలోని మా షాపులో ఆకుపచ్చ బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) గాజు ఫ్లవర్ వాజు కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "నూరేళ్లు దాటింది" అని చెప్పి నేనే అమ్మాను. అవి కొత్తవి. అమ్మినవి 7. అందరికీ పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాను. బిల్లు లేకపోయినా పర్లేదు, నా పుస్తకంలో పేర్లున్నాయి.

22 ఏళ్లుగా చెన్నైలో ఒకే వ్యాపారి దగ్గర సరుకు తెస్తున్నాను. ఈసారి 12 వాజుల లాట్ చూపించాడు. లైట్లు ఆర్పి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే గాజు పచ్చగా వెలిగింది. యురేనియం కలిపిన గాజు అలాగే వెలుగుతుంది, బొహీమియాలో 1830ల నుంచి చేశారు. అంతవరకు నిజమే. కానీ అలాంటి గాజు ఇప్పటికీ చేస్తున్నారు. ఆ వెలుగును బట్టి గాజులో ఏం కలిపారో తెలుస్తుంది గానీ, ఎప్పుడు చేశారో తెలియదు. ఇది నాకు తెలుసు. తెలిసీ మెత్తబడ్డాను.

ఒకదాని అడుగున 'చెకోస్లోవేకియా' అని ముద్ర ఉంది. 1880 నాటిదన్నాడు. ఆ దేశం పుట్టిందే 1918లో! "అన్నా, ఇది కుదరదు" అన్నాను. "ఒక్కటి పొరపాటయింది, మిగతావి చూడు" అన్నాడు. దాన్ని వదిలేసి మిగతా 11 తెచ్చుకున్నాను. అబద్ధం చేతికి చిక్కాక లాట్ మొత్తం వదిలేసి రావాల్సింది. తప్పు అక్కడే జరిగింది, అది నాది.

పోయిన నెల మన పాత కస్టమర్, రిటైరైన లెక్చరర్ గారు, తన వాజు తెచ్చి బోర్లించి భూతద్దం నా చేతికిచ్చారు. అడుగున గీతలన్నీ ఒకే వైపుకి, దువ్వెనతో దువ్వినట్టున్నాయి. ఏళ్ల తరబడి బల్ల మీద అటూ ఇటూ జరిగిన గాజుకి గీతలు అడ్డదిడ్డంగా పడతాయి, అదీ బల్లకు ఆనే అంచు మీదే. ఇవి అడుగున గుంటలో కూడా ఉన్నాయి. గుంట బల్లకెలా ఆనుతుంది? గరుకు కాగితంతో రుద్దారు. ఆయన వెళ్లాక దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది మూతి దగ్గరి బంగారు గీత మీద రుద్దాను. గీత దూదికి అంటుకొచ్చేసింది. బట్టీలో కాల్చిన బంగారం అలా రాదు. నా దగ్గర మిగిలిన 4 కూడా అంతే.

చెన్నై వ్యాపారికి ఫోన్ చేస్తే "నాకూ అలాగే ఇచ్చారు" అన్నాడు. ఆ తర్వాత ఎత్తలేదు. 2009 వరదలో షాపు మునిగి సరుకంతా బురదపాలైనప్పుడు కూడా ఆ మనిషికి ఒక్క రూపాయి బాకీ నిలపలేదు నేను. ఇప్పుడు సగం డబ్బు ఇస్తానని వచ్చినా తీసుకోను. ఆ గడప మళ్లీ తొక్కను.

నిద్ర పట్టనివ్వని విషయం మాత్రం వేరే. ఒక వాజును ఒకాయన కూతురి పెళ్లిలో సారెతో పాటు వియ్యంకుల ఇంటికి పంపారు. చెబితే ఆయనకు తలవంపులు, చెప్పకపోతే మోసం. పది రోజులు ఒకటే టెన్షన్. "ఊరుకుంటే ఆ పిల్లకు అత్తారింట్లో మర్యాదైనా నిలుస్తుంది కదా" అంది మా ఆవిడ. ఆ మాటకు చాలాసార్లు ఆగిపోయాను. కానీ రేపు వియ్యంకులే దాన్ని ఎవరికైనా చూపిస్తే? మాట పడేది ఆ పిల్లే. చివరికి వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "హాల్లో పెట్టుకున్నారయ్యా, అక్కడే ఉండనీ. వియ్యంకుడికి నేను చెప్పుకుంటాలే" అన్నారు. డబ్బు తీసుకోలేదు. కవరు టీపాయ్ మీద పెట్టి వచ్చేశాను. తెల్లారి మనవడితో తిప్పి పంపారు. ఆ కవరు ఆయన పేరుతో నా గల్లాపెట్టెలోనే ఉంది, అందులోంచి ఖర్చు పెట్టను.

ఇకపై ఏ వస్తువు అమ్మినా అది ఏ కాలానిదనుకుంటున్నానో, ఎందుకలా అనుకుంటున్నానో బిల్లు మీద రాసి సంతకం పెడతాను. తేల్చుకోలేకపోతే ఆ మాటే రాస్తాను.

మిగిలిన 4 వాజులు అమ్మకానికి లేవు. గల్లా పక్క అరలో బోర్లించి, భూతద్దం దగ్గరే పెట్టాను. వచ్చి ఆ గీతలు మీరే చూడండి.