బ్రేకర్ తెరుచుకోని రోజు జనరేటర్‌కు దిక్కెవరు?

సంపాదకులకు,

విద్యుత్ కేంద్రంలో యూనిట్ ట్రిప్పయిందంటే పత్రికల్లో ‘సాంకేతిక లోపం’ అని రెండు ముక్కలు వస్తాయి. లోపాన్ని పసిగట్టే రిలే చెప్పిన మాట, కరెంటు తెంచే స్విచ్ అయిన బ్రేకర్ విన్నదంటే అది మంచి వార్తే. వినని రోజు సంగతి మాత్రం ఎవరూ రాయరు.

ఆ రోజు కోసమే, కేంద్రాన్ని గ్రిడ్‌తో కలిపే స్విచ్‌యార్డులో ఎల్‌బీబీ, అంటే లోకల్ బ్రేకర్ బ్యాకప్, ఉంటుంది. ట్రిప్ ఆదేశం వెళ్లాక 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. అందులో 400 కేవీ బ్రేకర్ కరెంటు తెంచడానికి 40 నుంచి 60 పోతాయి, రిలే రీసెట్‌కు కాస్త, మిగిలింది జాగ్రత్త కోసం. అప్పటికీ సీటీలో (కరెంటును కొలిచే ట్రాన్స్‌ఫార్మర్‌లో) కరెంటు కనిపిస్తే, యూనిట్లూ లైన్లూ కలిసే ఉమ్మడి కడ్డీ అయిన బస్‌బార్ మీదున్న బ్రేకర్లన్నిటినీ తెరిపిస్తుంది. లైన్ బేలకు (ఒక్కో లైనుకు ఉండే పరికరాల వరసలకు) ఇది చక్కగా సరిపోతుంది. చిక్కల్లా దాన్నే, అదే సెట్టింగుతో, జనరేటర్ బేకి అతికించేయడంలో ఉంది.

సింహాద్రి, రామగుండంలో ఉన్నలాంటి 500 మెగావాట్ల యూనిట్‌నే తీసుకోండి. 588 ఎంవీఏ మీద 400 కేవీ వైపు పూర్తి లోడ్ కరెంటు 850 ఆంపియర్లు. సీటీ 2000/1 (2000 ఆంపియర్లను 1గా చూపేది) అనుకుంటే, వాడుకలో ఉన్న 200 మిల్లీఆంపియర్ల సెట్టింగ్‌కు రిలే లేవాలంటే ప్రైమరీలో 400 ఆంపియర్లు పారాలి. ఇప్పుడు బాయిలర్ వైపు ఏదో వచ్చి టర్బైన్ ట్రిప్పయింది. స్టాప్ వాల్వులు మూసుకున్నాయి, యూనిట్ పవర్ పడిపోయిందని చూసే లో ఫార్వర్డ్ పవర్ రిలే బ్రేకర్‌కు ట్రిప్ ఇచ్చింది, బ్రేకర్ కదల్లేదు. జనరేటర్ గ్రిడ్ నుంచి పవర్ లాక్కుంటూ మోటారులా తిరుగుతుంది. ఆవిరి టర్బైన్‌ను అలా తిప్పడానికి రేటింగ్‌లో 1 శాతం అటూ ఇటూ చాలు. 5 మెగావాట్లంటే 400 కేవీ వైపు 7 ఆంపియర్లు! ఎక్సైటేషన్ (రోటర్‌ను అయస్కాంతంగా ఉంచే కరెంటు) ఇంకా ఉండి ఎంవార్ (రియాక్టివ్ పవర్) సున్నాకు దగ్గర్లో ఉంటే, 400 కోసం కాచుకుని కూర్చున్న రిలేకు ఈ 7 ఎక్కడ ఆనుతుంది? బ్రేకర్ తెరుచుకుందనుకుని ఊరుకుంటుంది. లోపల ఆవిరి ప్రవాహం లేక చివరి వరస బ్లేడ్లు వేడెక్కుతుంటాయి. తక్కువ లోడ్ మీద, ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో గ్యాస్‌ను పసిగట్టే బుకోల్జ్ రిలే ట్రిప్ ఇచ్చినా ఇదే గతి.

అందుకే జనరేటర్ బేలో కరెంటుతో పాటు బ్రేకర్ మూసి ఉందని చెప్పే 52ఏ కాంటాక్టునూ పారలల్‌గా కలపాలి. మూడు పోల్స్‌కు (ఫేజ్‌కొకటి) మూడు మెకానిజాలుంటే మూడు 52ఏలూ రావాలి. అలాగని కాంటాక్టునొక్కదాన్నే నమ్మకూడదు. లింకేజ్ రాడ్ ఊడిందంటే పోల్ మూసే ఉన్నా కాంటాక్టు ‘తెరిచాను’ అంటుంది.

రెండు పోల్స్ తెరుచుకుని ఒకటి ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం. మూడు ఫేజ్‌ల సమతుల్యం చెడితే పుట్టే నెగటివ్ సీక్వెన్స్ కరెంటు రోటర్ పైపొరలో 100 హెర్ట్జ్ కరెంట్లు పుట్టించి వెడ్జ్‌లను, రిటైనింగ్ రింగుల అంచులను కాల్చేస్తుంది. ఇంత పెద్ద డైరెక్ట్ కూల్డ్ యంత్రానికి ఐఈసీ 60034-1 ప్రమాణం ప్రకారం, రేటింగ్‌లో భాగంగా చూసిన ఆ కరెంటు వర్గాన్ని సెకన్లతో గుణిస్తే 8 కూడా రాకూడదు. రేటింగ్‌లో సగం పారితే 32 సెకన్లలోపే ఆట ముగుస్తుంది. డెస్క్ మీద ట్రిప్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చుంటే అవి ఇట్టే గడిచిపోతాయి. మళ్లీ ప్రయత్నించడం రిలే పని: సున్నా ఆలస్యంతో, బ్రేకర్‌ను తెరిపించే రెండో ట్రిప్ కాయిల్‌కు, 200 మిల్లీసెకన్లకు బస్‌బార్‌కు.

అసలు ఎవరి దృష్టికీ రానిది ఫ్లాషోవర్, అంటే తెరిచి ఉన్న బ్రేకర్ గుండానే కరెంటు దూకడం. సింక్రొనైజ్ చేసే (గ్రిడ్‌తో కలిపే) ముందు తెరిచి ఉన్న పోల్‌కు అటు గ్రిడ్, ఇటు యంత్రం. ఫేజ్‌లు ఎదురెదురైనప్పుడు పోల్ మీద ఫేజ్ వోల్టేజి 231కి రెట్టింపు, 462 కేవీ పడుతుంది. ఆ క్షణంలో ఒక పోల్ నిప్పు రాజేస్తే, ఇప్పటికే తెరిచి ఉన్న బ్రేకర్‌కు ట్రిప్ ఇచ్చి ఏం లాభం? ‘బ్రేకర్ తెరిచి ఉంది, అయినా కరెంటు పారుతోంది’ అనే లాజిక్ విడిగా ఉండాలి. అది ఎక్సైటేషన్‌ను తెంచే ఫీల్డ్ బ్రేకర్‌నూ, బస్‌బార్ వైపు బ్రేకర్లనూ ఒకేసారి తెరవాలి. బ్రేకర్ పక్కనుండే ఐసోలేటర్ స్విచ్‌ను సింక్రొనైజింగ్‌కు కాస్త ముందు మాత్రమే మూయడం, షట్‌డౌన్ కాగానే తెరవడం ఖర్చు లేని మందు.

ఆర్క్‌ను ఆర్పే ఎస్‌ఎఫ్‌6 గ్యాస్ తగ్గి బ్రేకర్ లాకౌట్ అయితే (కదలకుండా తాళం పడితే) టర్బైన్‌ను ముందు ఆపకండి. ఆవిరి ఉంచి లోడ్ దాదాపు సున్నాకు దించండి. మిగతా ఫీడర్లను రెండో బస్‌బార్ మీదికి మార్చి, దానితో కలిపే బ్రేకర్ ద్వారా యూనిట్‌ను విడదీయండి. రెండు సర్క్యూట్లకు మూడు బ్రేకర్లుండే ఒకటిన్నర బ్రేకర్ స్కీములో మొరాయించింది మెయిన్ బ్రేకరైతే మధ్యలోని టై బ్రేకర్‌నూ, ఆ బస్‌బార్ బ్రేకర్లన్నిటినీ తెరవాలి.

రిలేలకూ ట్రిప్ కాయిల్స్‌కూ బ్యాటరీల నుంచి వచ్చే డీసీ లేకపోతే ఇవన్నీ కాగితం మీద గీతలే. మెయిన్ రిలేకూ ఎల్‌బీబీకీ వేర్వేరు బ్యాటరీల నుంచి సరఫరా ఉండాలి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో తొమ్మిది మందిని బలిగొన్న మంటల వేళ అక్కడ బ్యాటరీల పని నడుస్తోంది. కారణాల జోలికి ఇక్కడ పోవడం లేదు. బ్యాటరీ మార్చే రోజున యూనిట్ నడవాలా అని మాత్రం ప్రతి కేంద్రమూ వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇక పరీక్ష. బస్‌బార్ పోతుందన్న భయంతో ఓవర్‌హాల్‌లో ఎల్‌బీబీని వదిలేయడం మామూలైపోయింది. రెండువైపులా ఐసోలేటర్లు తెరిచి, బస్‌బార్ వైపు ట్రిప్ లింకులు విప్పి, సీటీ సెకండరీని షార్ట్ చేసి రిలే వైపు వేరుచేస్తే ఆ భయం లేదు. బ్రేకర్ మూసి, రెండు ట్రిప్ కాయిల్స్ ఫ్యూజులు తీసి, ట్రిప్ ఆదేశాన్ని అందరికీ పంపే 86 రిలేను ఆపరేట్ చేయండి. మొదటిసారి 1 ఆంపియర్ ఇంజెక్ట్ చేస్తూ, రెండోసారి కరెంటు సున్నా ఉంచి. రెండుసార్లూ 200 మిల్లీసెకన్లకు ఔట్‌పుట్ రావాలి. రెండోసారి రాలేదంటే మీ 52ఏ వైరింగ్ డ్రాయింగ్‌లో మాత్రమే ఉంది. తర్వాత బ్రేకర్ తెరిచి, ఒకే ఫేజ్‌లో కరెంటు ఇచ్చి ఫ్లాషోవర్ లాజిక్ చూడాలి. అంతా అయ్యాక లింకులు మూసే ముందు ఒక్కో లింకు రెండు కొసల మధ్య డీసీ లేదని మీటరు పెట్టి చూడాలి. 86 రీసెట్ చేయడం మరిచి లింకు మూస్తే బస్‌బార్ మొత్తం పోతుంది.

– ఇద్దరు ప్రొటెక్షన్ ఇంజినీర్లు, హైదరాబాద్