మిరప తోటకు మీ యాప్ ఇచ్చిన తప్పుడు సలహాపై ఫిర్యాదు

కస్టమర్ సేవల అధికారి గారికి,

విషయం: ఆకు ఫోటో చూసి మీ యాప్ చెప్పిన మందు కొట్టాక మిరపలో నల్లి అనే రసం పీల్చే సన్న పురుగు పెరగడం, మందు డబ్బులు తిరిగి ఇవ్వడం, ఆ సలహాను సరిచేయడం గురించి.

అయ్యా,

మాది పల్నాడు జిల్లా, వినుకొండ దగ్గర. సొంతం కొంత, కౌలు కొంత, అంతా మిరపే వేశాం. మీ యాప్ మా ఊళ్లో చాలామంది ఫోన్లలో ఉంది. ఫోటో పెడితే వెంటనే తెలుగులో సమాధానం వస్తుందని మీ మనుషులే ఊరికి వచ్చి, రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి అందరికీ ఎక్కించి వెళ్లారు.

పూత మొదలయ్యే సమయంలో తోటలో ఒక పక్క ఆకులు ముడుచుకోవడం కనిపించి ఫోటో పెట్టాను. క్షణాల్లో జవాబు వచ్చింది: తామర పురుగు, ఉధృతి ఎక్కువ, ఆలస్యం చేయొద్దు. దాని కిందే మీ కంపెనీ మందు బొమ్మ, ఆ పక్కనే 'ఇప్పుడే కొనండి' అని బటన్. అది రెండు మందుల మిశ్రమం, అందులో ఒకటి లాంబ్డా సైహలోత్రిన్. దానితో పాటు ఒక టానిక్ కూడా కొనమన్నారు. రెండూ కొన్నాను, చెప్పినట్టే కొట్టాను. ముడత తగ్గకపోగా తోటంతా పాకింది. కొత్త చిగురు రావడం ఆగింది, పూత రాలింది.

మిరప వేసే ఏ రైతునైనా అడగండి, పై ముడత వేరు, కింది ముడత వేరు అని చెబుతాడు. తామర పురుగు రసం పీల్చితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్లి పడితే అంచులు కిందికి ముడుచుకుని ఆకు తిరగేసిన పడవలా అవుతుంది, కాడ సాగుతుంది. నేను పెట్టిన ఫోటోలో ఆకు ఏ వైపు ముడుచుకుందో చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది. తర్వాత కొమ్మ తుంచుకుని మా మండల వ్యవసాయాధికారి దగ్గరికి వెళితే, ఆయన ఆకు తిరగేసి భూతద్దంతో చూసి, నల్లి అని అక్కడికక్కడే చెప్పారు.

నా ఫిర్యాదు మీ యాప్ పురుగును పోల్చుకోలేదని మాత్రమే కాదు. ఫోటో చూసి పొరబడటం ఎవరికైనా జరుగుతుంది. కానీ లాంబ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చిపోయి నల్లి ఇంకా చెలరేగుతుందని వ్యవసాయం చదివిన వాళ్లందరికీ తెలుసు. అంటే మీ సలహా పనిచేయకపోవడమే కాదు, నల్లిని పెంచింది. ఈ మాట మీ యాప్‌లో ఎక్కడా లేదు. కొట్టే ముందు నాలుగు ఆకులు తిరగేసి చూడమని గానీ, పూలను తెల్ల కాగితం మీద దులిపి తామర పురుగులు రాలతాయేమో చూడమని గానీ లేదు. అవి చెబితే మందు అమ్ముడుపోదని భయం కాబోలు.

మోతాదు సంగతి కూడా చెప్పాలి. 'ట్యాంకుకు ఇంత' అని రాశారు. ఏ ట్యాంకు? మా ఊళ్లో 16 లీటర్ల బ్యాటరీ పంపులూ ఉన్నాయి, అంతకంటే పెద్ద తైవాన్ పంపులూ ఉన్నాయి. లీటరు నీటికి ఎంతో, ఎకరానికి ఎన్ని లీటర్ల నీళ్లు పట్టాలో రాయకుండా ట్యాంకు లెక్క చెబితే ఒకడు తక్కువ కొడతాడు, ఇంకొకడు మాడేలా కొడతాడు. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలన్న మాటా లేదు. మందు అవశేషాలుంటే ఎగుమతికి కొనేవాళ్లు వెనక్కి పంపుతారని గుంటూరు మిర్చి యార్డుకు కాయ వేసే ప్రతివాడికీ తెలుసు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఫోటో స్పష్టంగా లేదన్నారు. స్పష్టంగా లేని ఫోటోకు మందు పేరు ఎలా చెప్పారు? షరతుల్లో 'సలహా సమాచారం కోసమే' అని ఉందని కూడా చెప్పారు. ఆ షరతులు ఇంగ్లీషులో ఉన్నాయి, కొనమన్నది తెలుగులో.

అక్కడితో అయిందా అంటే లేదు. ఆ ఫోన్ తర్వాత యాప్‌లో కొత్త సలహా వచ్చింది: నీటిలో కరిగే గంధకం, వేప నూనె కలిపి కొట్టమని. నల్లికి గంధకం లీటరుకు 3 గ్రాములు మంచిదే, మా నాన్న కాలం నుంచి కొడుతున్నదే. కానీ దాన్ని నూనెతో కలిపితే, లేదా మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది. నేను కలపలేదు. సాయంత్రం పూట గంధకం ఒక్కటే, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాను. నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్తగా మిరప వేసిన కుర్రాళ్లు కలిపి కొడితే వాళ్ల తోట సంగతేంటి?

అందుకని నేను కోరేవి: మందుకూ, టానిక్‌కూ పెట్టిన మొత్తం వెనక్కి ఇవ్వాలి. మా ప్రాంతంలో ముడత ఫోటో పెట్టి ఇదే సలహా అందుకున్న వాళ్లందరికీ మెసేజ్ పంపి, ఆ మందు ఆపమని, గంధకంలో నూనె కలపొద్దని చెప్పాలి. ముడత గురించి ఎవరడిగినా ఆకు పైకి ముడిచిందా కిందికా, అంతకు ముందు ఏం కొట్టారు, పంట వయసెంత అని యాప్ ముందు అడగాలి. తేడాగా ఉంటే వ్యవసాయం చదివిన మనిషి తిరిగి ఫోన్ చేయాలి. సలహా పక్కన కొనే బటన్ తీసేయమని అడిగితే మీరు తీయరని తెలుసు. కనీసం మీ కంపెనీవి కాని మందులు, మందే అవసరం లేని పద్ధతులు కూడా అక్కడ చూపించండి. చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరుసలు వేయడం, యూరియా అతిగా వేయకపోవడం లాంటివి మీ యాప్‌లో నాకు ఒక్కసారి కూడా కనబడలేదు.

రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు విత్తనాల కేసులో చెప్పింది. ఆ కేసు మొదలైంది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. బిల్లు, యాప్ సలహా రెండు సార్లు వచ్చినప్పటి స్క్రీన్‌షాట్లు, ముడత ఆకుల ఫోటోలు దీనితో జత చేస్తున్నాను. ఖాళీ సీసాలు నా దగ్గరే ఉన్నాయి, బ్యాచ్ నంబర్ కావాలంటే వాటి మీద చూసి చెబుతాను.

ఇట్లు,
మీ యాప్ వాడుతున్న మిరప రైతు,
వినుకొండ ప్రాంతం, పల్నాడు జిల్లా