హార్మోన్ మందులు రాసేచోట ఊపిరి సంగతి కూడా అడగాలి

సంపాదకులకు నమస్కారం.

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ గురించి ఈమధ్య పత్రికల్లో తరచుగా రాస్తున్నారు. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇన్నేళ్లూ నెలసరి నొప్పిని ఓర్చుకోమని చెప్పిన ఇళ్లలో ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్దామంటున్నారు. ఈ మార్పు మంచిదే. కానీ చర్చంతా కడుపునొప్పి, రక్తస్రావం, సంతానం దగ్గరే ఆగిపోతోంది. ఈ జబ్బుకు హార్మోన్ మందులు వాడుతున్న మనిషికి ఆయాసం వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పడం లేదు.

మా చెల్లెలికి అదే జరిగింది. ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు వాడుతుండగా, నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేది. రక్తం తక్కువగా ఉందన్నారు, టెన్షన్ అన్నారు, బరువు తగ్గమన్నారు. ఒకరోజు ఉన్నట్టుండి ఛాతీలో పోటు వచ్చి ఎక్స్‌-రే తీయిస్తే కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉంది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని గొట్టం వేసి తీశారు. ఎండోమెట్రియోసిస్ ఉంది కాబట్టి అదే ఊపిరితిత్తి దాకా పాకి ఉంటుందని అనుకుని, అవే మాత్రలు కొనసాగించమన్నారు. సీటీ స్కాన్ మాత్రం తీయలేదు. చాలాకాలం తర్వాత ఇంకోచోట సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా పల్చటి గోడలున్న గుండ్రటి గాలి తిత్తులు కనిపించాయి. జబ్బు పేరు లింఫాంజియోలియోమయోమటోసిస్. నోరు తిరగని పేరు కావడంతో డాక్టర్లు కూడా లామ్ అనే అంటారు.

లామ్ దాదాపుగా ఆడవాళ్లకే, అదీ ఎక్కువగా నెలసరి ఆగిపోకముందే వచ్చే జబ్బు. పదిలక్షల మందిలో కొద్దిమందికే వస్తుంది. మాత్రల వల్లే మా చెల్లెలికి వచ్చిందని నేను అనడం లేదు. టీఎస్‌సీ అనే జన్యువుల్లో మార్పు వల్ల కొన్ని కణాలు అదుపు తప్పి పెరిగి, ఊపిరితిత్తుల కణజాలాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఆ కణాల పెరుగుదలకు ఈస్ట్రోజన్ తోడ్పడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు జబ్బు ముదిరిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే లామ్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మందులు మానుకోవాలని నిపుణులు చెబుతున్నారు.

నా బాధంతా ఇక్కడే. ఎండోమెట్రియోసిస్ నిజంగానే ఛాతీలోకి పాకవచ్చు. అలా పాకినప్పుడు సాధారణంగా నెలసరికి కాస్త ముందో, మొదలైన మూడు రోజుల్లోపో, ఎక్కువగా కుడివైపే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. కొందరికి అదే సమయంలో కళ్లెలో రక్తం పడుతుంది. దానికి హార్మోన్ మందులు చికిత్సలో భాగమే. లామ్‌లోనూ ఊపిరితిత్తి ఇలాగే ముడుచుకుపోతుంది, కానీ ఇందులో ఈస్ట్రోజన్ మాత్ర వేయడమే ప్రమాదం. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటిలో ఒకదానికి మందైనది ఇంకోదానికి చేటు చేస్తుంది. తేడా కనిపెట్టడానికి కావలసింది ఛాతీకి సరైన సీటీ. మొదటి దశలో మామూలు ఎక్స్‌-రేలో లామ్ కనపడకపోవచ్చు. వీఈజీఎఫ్‌-డీ అనే రక్తపరీక్ష కూడా ఉంది. సీటీలో తిత్తులు కనిపించినవాళ్లకు అది మిల్లీలీటరుకు 800 పికోగ్రాములు దాటితే చాలా సందర్భాల్లో ఊపిరితిత్తి ముక్క కోసి పరీక్షించే అవసరం తప్పుతుంది.

ఈస్ట్రోజన్ మాత్రలొక్కటే చూసుకుంటే సరిపోదు. ఎండోమెట్రియోసిస్‌కు ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో ఈస్ట్రోజన్‌ను కాస్త పెంచి, ఆ తర్వాతే తగ్గిస్తుంది. ఎముకలు బలహీనపడకుండా ఆ ఇంజెక్షన్‌తో పాటు కొందరికి తక్కువ మోతాదులో ఈస్ట్రోజన్ కలిపి ఇస్తారు. ఇది మంచి ఉద్దేశంతో చేసే పనే. కాకపోతే ఊపిరి గురించి అడగకుండా మొదలుపెట్టకూడదు.

లామ్ ఇప్పుడు మందు లేని జబ్బు కాదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇచ్చే సిరోలిమస్ ఊపిరితిత్తుల శక్తి తగ్గిపోకుండా నిలబెడుతుందని 2011లో వెలువడిన పరిశోధన చూపింది. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది. ఆ మందు మన దేశంలోనూ దొరుకుతుంది. కానీ పోయిన ఊపిరితిత్తిని అది తిరిగి తేలేదు, అందుకే జబ్బు బయటపడకుండా గడిచే ప్రతి నెలా నష్టమే. మన దగ్గర దగ్గు, ఆయాసం, కళ్లెలో రక్తం అనగానే ముందు టీబీ గుర్తొస్తుంది. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో అది సహజం. కళ్లె పరీక్షలో క్రిమి కనపడకపోయినా నెలలకొద్దీ టీబీ మందులు మింగుతున్న ఆడవాళ్లను మాత్రం ఒక్కసారి ఆపి, ఆయాసం నెలసరితో పాటు వస్తోందా, హార్మోన్ మందులు వాడుతున్నారా అని అడగాలి. ప్రభుత్వ టీబీ కేంద్రాల సిబ్బందికి ఈ రెండు ప్రశ్నలు నేర్పడానికి పెద్ద ఖర్చేమీ అవదు.

నేను చదువుకున్న డాక్టరును కాదు, రోగి ఇంటి మనిషిని. గైనకాలజీ ఓపీలో హార్మోన్ మందు రాసేముందు ఊపిరాడకపోవడం, ఛాతీలో పోటు, ఎప్పుడైనా ఊపిరితిత్తి ముడుచుకుపోవడం ఉన్నాయా అని అడిగి చీటీ మీద రాయాలని కోరుతున్నాను. ఏ ఒక్కటి ఉన్నా ఛాతీ డాక్టరు చూడాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, నిమ్స్, విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. జిల్లాల నుంచి అక్కడికి పంపే దారి ఆరోగ్య శాఖలు స్పష్టంగా చెప్పాలి.

ఈ ఉత్తరం చదివి ఎవరూ భయపడి మాత్రలు సొంతంగా మానేయవద్దు. ఆ మందులు ఎంతోమందికి నొప్పి తగ్గించి మామూలు జీవితం ఇచ్చాయి. అయితే ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతూ ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, ఒక కాలు వాచినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. లామ్ కంటే ఎక్కువగా జరిగేది రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తిలో అడ్డుపడడం, అది ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంకొక్క విషయం. మందు వాడుతుండగా అనుకోని ఇబ్బంది వస్తే రోగులు, ఇంటివాళ్లు కూడా ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే కార్యక్రమం ఇది. పేషెంట్లు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. ఖర్చు లేకుండా చేసుకోగలిగే ఫోన్ 1800-180-3024. మా చెల్లెలి సంగతి మేము తెలియజేశాం. మందే కారణమని నిరూపించాల్సిన పని లేదు, అనుమానం ఉంటే చాలు. మందు పేరు, ఎప్పటి నుంచి వాడుతున్నదీ, ఇబ్బంది ఎప్పుడు మొదలైనదీ రాసి పెట్టుకుంటే వివరాలు చెప్పడం తేలిక. మీ ఆరోగ్య పేజీలో వారానికోసారైనా ఆ నంబరు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం